నూరుకి తక్కువ

రోజుకి నూరు స్తుతులని మా నాయనమ్మ లెక్క.
రొట్టె తుంచితే ఒకటి, మంచినీళ్ళకి ఒకటి,
మెరుపు మెరిస్తే, కొత్త చీర మడత విప్పితే,
జామపండు వాసనకి కూడా ఒకటి.
గుంటూరు పొలాల్లో మిరపకాయలు కోస్తూ
మండే వేళ్ళ కణుపుల మీదే లెక్కపెట్టేది సారమ్మ.
నాలుగు ముక్కలు హీబ్రూ, మిగతాదంతా తెలుగు.
"ఆయనకి రెండూ వచ్చులేవే" అనేది.

నాకు తిరుపతిలో డయాలసిస్ ఉద్యోగం.
కొర్లగుంటలో అద్దె గది.
గుమ్మానికి ఏటవాలుగా బిగించిన చిన్న గొట్టం చూసి
"జ్వరం చూసేదా?" అంది ఇంటావిడ.
లోపల చుట్టిన వాక్యం సంగతి చెప్పే తీరిక లేక
అలాంటిదే అన్నాను.
దాన్ని తాకిన వేళ్ళు పెదాలకి చేరేలోపు
షేర్ ఆటో హారన్.

లీలామహల్ సర్కిల్లో చందనం పూసిన గుండ్లు,
ఎండకి మెరుస్తూ, నాన్నల భుజాల మీద.
బస్సులోంచి ఒక్కసారిగా గోవింద.
ఈ ఊరికి అందరూ కొండ ఎక్కడానికి వస్తారు.
నేను కొండని గడియారంలా చూస్తాను,
ముఖ్యంగా శుక్రవారాలు.

ఎనిమిది మిషన్లు. మూడు షిఫ్టులు.
రక్తం బయటికొచ్చి, కడుక్కుని, ఇంటికి పోతుంది.
అలారం, గాజుగుడ్డ, అలారం, బరువు,
తాగకూడని నీళ్ళు దొంగచాటుగా తాగినవాళ్ళ మీద కేకలు.
మధ్యాహ్నానికి నా లెక్క పదకొండు.
చాలా రోజులు అక్కడే ఆగిపోతుంది.

అన్నిట్లోకీ నాకు సిగ్గనిపించే స్తుతి ఒకటుంది,
దొడ్డికెళ్ళొచ్చి చెప్పేది.
మనిషిలో రంధ్రాలూ గొట్టాలూ పెట్టినవాడా,
ఒకటి మూసుకున్నా, ఒకటి తెగినా
నీ ఎదుట నిలబడలేం కదా, అని.
కాలవ గట్టున చెంబుతో నించుని
నాయనమ్మ ఊరికంతా వినబడేలా చెబుతుంటే
తుమ్మచెట్టు చాటుకి పారిపోయేదాన్ని.
ఇప్పుడు చేతులు తుడుచుకునేలోపు ముగించేస్తాను,
పెదాలు కూడా కదలవు.

ఐదో బెడ్ చెంగల్రాయుడుది పాకాల దగ్గర పల్లె.
వేరుశనగ చేలో రక్తపింజరి కరిచింది.
ప్రాణం నిలిచింది గానీ కిడ్నీలు అలిగాయి.
మూడు వారాలుగా ఒక్క చుక్క లేదు.

ఆ శుక్రవారం, ఆరుకి పావు తక్కువ.
సంచిలో రెండు కొవ్వొత్తులు, అగ్గిపెట్టె.
కిటికీలో చంద్రగిరి వైపు పొద్దు వాలిపోతోంది.
రావలసిన ఢిల్లీరాణి సిస్టర్ ఇంకా రాలేదు.
"పాపా, ఇట్రా" అన్నాడు, రహస్యంగా.
దుప్పటి కింది నుంచి సీసా తీశాడు.
"జూడు. వచ్చినాయి."

ముప్పై మిల్లీలీటర్లు.
డికాషన్ రంగు.
ఆయన పెళ్ళాం కొంగు నోట్లో కుక్కుకుంది,
నవ్వో ఏడుపో తెలీలేదు.
గీతలు చూద్దామని కిటికీకేసి ఎత్తి పట్టుకుంటే
చివరి వెలుగు ఆ సీసాలో దిగి
నా మణికట్టు మీద రాగిరంగు మరకై ఆగింది.
కొవ్వొత్తుల వేళ దాటిపోతోందని తెలుస్తూనే ఉంది.
సీసా దించలేదు.

చెప్పాను. మొత్తం. మాట మాటకీ ఊపిరి తీసుకుని.

"ఏం మంత్రం పాపా అది?"
"ఒంటేలుకి పెద్దాయనా."
"దానిగ్గూడా ఉండాదా మీకు?"
"ఉంది."
కాసేపు పైకప్పు ఫ్యాను చూశాడు.
"మాకు లేకపాయనే. నాకూ జెప్పియ్యి."

గది చేరేసరికి మూడు కాదు, ముప్పై చుక్కలు.
ఇక వెలిగించకూడదు.
వీధిలైటు వెలుతురులో రొట్టె తుంచుకుని
లెక్క ఎక్కడ ఆపానో గుర్తు చేసుకున్నాను,
పదమూడా, పద్నాలుగా?
పక్కింటి కుక్కర్ కూత వేసింది. వదిలేశాను.

సోమవారం ఢిల్లీరాణి ఎదురొచ్చి నవ్వింది.
"అదస్సమ్మా, ఐదో బెడ్ పెద్దాయన
సీసా నిండినప్పుడల్లా ఏందో పాడతాండాడు,
వార్డంతా నేర్చుకుంటాండారు."
తలుపు దగ్గర నించుని విన్నాను.
రంధ్రాల సామీ, గొట్టాల సామీ,
నిలబెట్టినావే సామీ.

తప్పులు దిద్దలేదు.